డబ్బా మీద పేరు

మా వంటింట్లో ఏ డబ్బా మీది పేరునీ నమ్మడానికి వీల్లేదు. ‘పంచదార’ అని రాసివున్న డబ్బాలో ఇడ్లీ రవ్వ వుంటుంది. హార్లిక్స్ సీసాలో మెంతులుంటాయి. ఎప్పుడో ఎవరో ఇచ్చిన బిస్కట్ల రేకు డబ్బాలో ఎండుమిరపకాయలుంటాయి. అందులో బిస్కట్లని చూసిన పుణ్యాత్ములు మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ఇదంతా మా అత్తగారి పరిపాలన. కరెంటు పోయినా సరే, ఏది ఎందులో వుందో ఆవిడ చెయ్యి తడబడదు. ఆవిడ వూళ్ళో లేని ఒకనాటి పొద్దున్న, నాకు జ్వరంగా వుందని మావారు జాలిపడి తనే కాఫీ కలిపి తెచ్చారు. ఎంతకీ తీపి తగలకపోతే మరో రెండు చెంచాలు వేశారట. గ్లాసు అడుగున నాని తేలిన ఇడ్లీ రవ్వని చూసి, అంత జ్వరంలోనూ నవ్వాపుకోలేకపోయాను.

ఈ డబ్బాల సంగతి ఎందుకెత్తానంటే, నలభై ఆరో ఏట నేను కంప్యూటర్‌కి ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నాను. నేర్చుకున్నాననడం పెద్దమాట. మొదటి పాఠం నేర్చుకున్నాను. ఆ మొదటి పాఠమంతా డబ్బాలూ, వాటి మీది పేర్లూ!

నేను చదివింది బి.ఏ. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి. పదో తరగతి లెక్కల పరీక్ష రాసి బయటికొస్తూ ఎక్స్‌కీ, వైకీ ఒక నమస్కారం పెట్టి, ఈ జన్మకి మళ్ళీ మీ మొహం చూడనన్నాను. ఆ మాట మీదే ముప్ఫై ఏళ్ళు నిలబడ్డాను. అలాంటిదాన్ని మళ్ళీ వాటి గుమ్మం ఎక్కానంటే కారణం మా అమ్మాయి.

మా బుజ్జి ఇంజనీరింగు మొదటి ఏడాది. కంప్యూటర్ సైన్సు. ‘ఈ రోజుల్లో ఏ ఇంట్లో చూసినా అదేగా’ అంటారు మీరు. అవును, మా ఇంట్లోనూ అదే. ఉగాదికి హాస్టలు నుంచి వచ్చింది. ఎప్పుడూ బ్యాగు గుమ్మంలో పడేసి తిన్నగా వంటింట్లోకొచ్చి గిన్నెల మూతలు తీసే పిల్ల, ఈసారి గదిలోకెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైందని వాళ్ళ నాన్న మొహం చిట్లిస్తే, తను మాత్రం చేదు తెలియనట్టే తినేసింది. ఆ రాత్రి నేను బట్టలు మడతపెడుతుంటే వచ్చి పక్కన కూచుంది. ఒక చున్నీ మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టి మెల్లిగా అంది:

"అమ్మా, ఫస్ట్ సెమిస్టర్లో ఒక సబ్జెక్టు పోయింది."

"ఏదే?"

"ప్రోగ్రామింగు."

కంప్యూటర్లు చదవడానికి వెళ్ళిన పిల్ల ప్రోగ్రామింగులో తప్పడం అంటే, సంగీతం కాలేజీలో చేరి సరిగమల్లో తప్పడం లాంటిదని నాకు తోచింది. నేను రాసే నవలల్లో తల్లులు ఇలాంటప్పుడు బిడ్డ తల నిమిరి ఎంతో అందంగా మాట్లాడతారు. నా నోటి వెంట వచ్చింది మాత్రం ఇది:

"లెక్కల్లో ఎప్పుడూ నూటికి నూరు తెచ్చుకునే పిల్లవి, నీకేమొచ్చిందే?"

బుజ్జి చున్నీ పక్కన పెట్టేసి లేచింది. "ఆ నూరు తెచ్చుకున్న పిల్లని అడుగు. నన్నడక్కు" అని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. "పిల్లనేమన్నా అన్నావా?" అని అత్తయ్య అడిగితే, "నేనేమంటాను?" అన్నాను. నిజానికి ఆ రెండు రోజులూ నాకు నిద్ర లేదు. పరీక్ష పోయినందుకు కాదు. హాస్టల్లో నాలుగు నెలలపాటు క్లాసులో ఏదీ తలకెక్కక, పక్కవాళ్ళందరికీ అర్థమైపోయినట్టు కనిపిస్తుంటే అడగడానికి సిగ్గుపడి, రోజూ ఫోన్లో నాతో "బాగానే వుందమ్మా" అంటూ వచ్చిందే, ఆ మాట తలుచుకుంటే.

మూడో రోజున ఒక అబద్ధం ఆడాను. రచయిత్రులకి అది వృత్తి ధర్మం.

"బుజ్జీ, నా కొత్త నవల్లో ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి వుందే. ప్రోగ్రామంటే ఏమిటో ముక్క తెలియకుండా రాస్తే పాఠకులు నవ్విపోతారు. కాస్త మొదటి నుంచీ చెప్పవూ?"

"నీకా?" అంది. ఆ ‘కా’లో ఎంత అపనమ్మకముందో! అయినా వచ్చి కూచుంది. లాప్‌టాప్ డైనింగ్ టేబుల్ మీద, పక్కన కింద పీట వేసుకుని అత్తయ్య కొత్త చింతపండు గింజలు తీస్తూ. ఇదీ మా కాలేజీ.

"దీన్ని పైథాన్ అంటారమ్మా."

"కొండచిలువా?" అన్నారు అత్తయ్య గింజ తీస్తూ తీస్తూ ఆగి.

కొండచిలువ కాదు. గ్విడో వాన్ రాసమ్ అనే డచ్చి దేశస్థుడు 1991లో మొదటిసారి నలుగురికీ అందించిన భాష అది. ఇంగ్లండులో మాంటీ పైథాన్ అనే హాస్యగాళ్ళ బృందం వుండేది. వాళ్ళ మీది ఇష్టంతో ఆ పేరు పెట్టాడట. ఒకరి హాస్యం మరొకరి పరీక్ష అయింది చూడండి.

"ముందు వేరియబుల్ అంటే చెబుతాను. ఒక విలువని దాచుకోవడానికి పెట్టుకునే పేరు. డబ్బా అనుకో. మీద పేరు, లోపల సరుకు. ఏం పేరు పెడదాం?"

"తెలుగు పనికొస్తుందా?"

తనకీ తెలియదు. క్లాసులో ఎవరూ ప్రయత్నించలేదట. రాసి చూశాం. పనికొచ్చింది! పైథాన్ ఇప్పటి రూపంలో తెలుగు అక్షరాలతో పేర్లు పెడితే నిక్షేపంగా ఒప్పుకుంటుంది. నా భయం సగం అక్కడే పోయింది.

పాలు = 1800
పేపరు = 250

నెల ఖర్చులు అవి. "ఇంటి అద్దె" అని కూడా రాయబోతే కసిరింది. పేరు మధ్యలో ఖాళీ వుండకూడదట. కింద గీత పెట్టి రెండు మాటలనీ అతికించాలట. పేరు అంకెతో మొదలుకాకూడదట. నేను ఒకచోట ‘పాలు’ అనీ, మరోచోట పొరపాటున ‘పాలూ’ అనీ కొట్టాను. ఆ పేరుగలవాళ్ళెవరో నాకు తెలియదు పొమ్మంది కంప్యూటరు. ఒక దీర్ఘానికి ఇంత పట్టింపా? మన ఇళ్ళల్లో ‘బుజ్జీ’ అన్నా, ‘బుజ్జులూ’ అన్నా, ‘ఒసేయ్’ అన్నా పలుకుతారు కదా. దానికి ఆ మర్యాద తెలియదు. ముందుగా ఏ పేరుకి ఏ విలువ ఇచ్చావో, అచ్చంగా ఆ పేరుతో పిలిస్తేనే పలుకుతుంది.

"ఇప్పుడు పాల ధర పెరిగిందనుకో. లీటరుకి 4 రూపాయలు, రోజుకో లీటరు, నెలకి 120" అని ఈ వాక్యం రాసింది:

పాలు = పాలు + 120

నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. "ఇదెక్కడి అన్యాయమే! ఒక వస్తువు తనకంటే నూటయిరవై ఎక్కువైనదానితో ఎలా సమానమౌతుంది? మా లెక్కల మాష్టారు చూస్తే బెంచీ ఎక్కించేవారు."

"అది సమానం గుర్తు కాదమ్మా!" అంది బుజ్జి. ఉగాది తరువాత మొదటిసారి నవ్వింది. "చూడు. ముందు కుడివైపుకి వెళుతుంది. పాలు డబ్బాలో ఎంతుందో చూస్తుంది, 1800. దానికి 120 కలుపుతుంది. వచ్చిన 1920ని తెచ్చి మళ్ళీ అదే పేరు కింద పెడుతుంది. ‘సమానం’ అని చదవకు. ‘ఇక నుంచి ఇది’ అని చదువు."

చరిత్ర చదివిన బుద్ధి వూరుకోదు కదా, ఆ గుర్తు ఎక్కడిదా అని తరువాత వెతికాను. సమానం గుర్తుని మొదట అచ్చులో వాడినవాడు రాబర్ట్ రికార్డ్ అనే వేల్స్ దేశస్థుడు, 1557లో. పక్కపక్కనే సాగే ఒకే పొడవు గీతలు రెండింటికంటే సమానమైనవి ఇంకేముంటాయని ఆయన వాదన. నాలుగు వందల ఏళ్ళపాటు పాపం ఆ గుర్తు అదే అర్థంతో మర్యాదగా బతికింది. 1957లో ఫోర్‌ట్రాన్ అనే కంప్యూటర్ భాష వచ్చి, దానికి ‘ఇక నుంచి ఇది’ అనే పని అప్పజెప్పింది. ఈ గందరగోళం ఎందుకని ఆల్గాల్, పాస్కల్ అనే భాషలవాళ్ళు దాని ముందు రెండు చుక్కలు పెట్టి వేరుచేశారు. పైథాన్ మాత్రం చుక్కలు లేకుండా ఫోర్‌ట్రాన్ బాటే పట్టింది. అంచేత నాలాంటివాళ్ళు కంగారుపడ్డారంటే తప్పు మరీ మనది కాదన్నమాట.

"మరి పాత 1800 ఏమైంది?" అన్నాను.

"పోయింది."

"ఎక్కడికి?"

"ఎక్కడికేమిటమ్మా, పోయింది. నిజానికి పైథాన్‌లో డబ్బా అనడం కంటే చీటీ అనడం సరైన మాట. పేరు రాసిన చీటీని పాత విలువ నుంచి విప్పి కొత్త విలువకి కడుతుంది. ఏ చీటీ లేని విలువని వీలు చూసుకుని వూడ్చేస్తుంది. కావాలనుకుంటే ముందే ఇంకో పేరు పెట్టి దాచుకోవాలి."

మా అమ్మ పద్దుల పుస్తకం గుర్తొచ్చింది. బియ్యం ధర మారితే పాత అంకె మీద ఒక గీత కొట్టి పక్కన కొత్తది రాసేది. గీత కిందినుంచి పాతది కనిపిస్తూనే వుండేది. ఏ నెల ఎలా గడిచిందో ఆ కొట్టివేతలే చెప్పేవి. కంప్యూటరుకి కొట్టివేతలు లేవు. వున్నది ఒక్కటే, ఇప్పటి మాట.

మర్నాటి పాఠంలో, అంకెలు మనల్నే అడిగి తీసుకునేలా రాసింది. నేను శ్రద్ధగా పాలు 1800 అనీ, పేపరు 250 అనీ కొట్టాను. రెండూ కూడి ఎంతొచ్చిందో తెలుసా? 1800250! పద్ధెనిమిది లక్షల రెండు వందల యాభై.

"ఆ పాలవాడికి మన ఇల్లు రాసిచ్చేయండి" అన్నారు అత్తయ్య.

కారణం విని ఆశ్చర్యపోయాను. మనం కీబోర్డు మీద కొట్టిందేదైనా మొదట దానికి అక్షరాల కిందే లెక్కట. ‘రామ’కి ‘కృష్ణ’ కలిపితే రామకృష్ణ అయినట్టు, 1800కి 250 పక్కన అతికించింది. అవి అంకెలు సుమా అని ‘ఇంట్’ అనే మాటతో చెప్పాలి. "ఇంట్లో చెప్పాలిటమ్మా, విన్నావా?" అన్నారు అత్తయ్య నాకేసి చూసి. ఆవిడ ఏ ఉద్దేశంతో అన్నారో గాని, నేనూ బుజ్జీ ఇద్దరం తలలు దించుకున్నాం.

ఇక అసలు సంగతి మూడో రోజున జరిగింది. అప్పటికి నాకు కొంచెం ధైర్యం వచ్చి, నా అంతట నేనే రాశాను:

పాలు = 1800
పేపరు = 250
మొత్తం = పాలు + పేపరు
పాలు = పాలు + 120

ఇప్పుడు మొత్తం ఎంతో చూపించమన్నాను. 2170 రావాలి కదా? 2050 అంది. మళ్ళీ అడిగాను. మళ్ళీ 2050.

"పాలు పెరిగాయి కదే, మొత్తం ఎందుకు పెరగలేదు?"

జవాబు చెప్పడానికి నోరు తెరిచిన బుజ్జి అలాగే ఆగిపోయింది. కాసేపు తెరవంకే చూసింది. "అమ్మా, నేనిదే అడగాలనుకున్నాను. అక్టోబర్లో. అడగలేదు" అంది. చిన్నప్పటినుంచీ అది చూసిన కంప్యూటర్ లెక్కలు వాళ్ళ నాన్న ఎక్సెల్‌లో వేసుకునే ఇంటి ఖర్చులు. అందులో ఒక గడిలో అంకె మారిస్తే అడుగున మొత్తం దానంతటదే మారిపోతుంది. ఇక్కడా అలాగే మారుతుందనుకుంది. మారకపోయేసరికి తనకి ఈ విద్య రాదనుకుంది. ఆ పైన చెప్పిన పాఠాలన్నీ ఆ అపార్థం మీదే కట్టుకుంటూ పోయింది.

ఒక కాగితం తీసుకుని ఒక్కో వాక్యం పక్కనా ఆ క్షణానికి ఏ పేరులో ఎంతుందో రాసింది. రాస్తూ రాస్తూ నాకు చెప్పింది, నాకా తనకా అన్నది వేరే సంగతి:

"మొత్తానికి, అది పాలూ పేపరూ కలిస్తే వచ్చిందన్న సంగతి గుర్తుండదమ్మా. ఆ నిమిషాన కూడితే వచ్చిన 2050 ఒక్కటే గుర్తుంటుంది. తరువాత పాలు ఎంత మారినా దానికి తెలియదు. ఎవరూ వెళ్ళి చెప్పరు. మారాలంటే ఆ కూడిక వాక్యం మళ్ళీ రాయాలి. మళ్ళీ లెక్కవేసుకోవాలి."

నాకు గుండెలో ఎక్కడో కలుక్కుమంది. పదో తరగతి మార్కులూ, ఇంటర్ మార్కులూ, ఎంసెట్ ర్యాంకూ కూడుకుని, ఏడాది కిందటే నేనొక మొత్తం వేసి పెట్టుకున్నాను. దాంట్లో ఫలానా కంపెనీ ఉద్యోగం వుంది, ఫలానా జీతం వుంది, నలుగురిలో నేను చెప్పుకునే మాటలున్నాయి. హాస్టలుకెళ్ళిన పిల్ల అక్కడ ఎలా మారిందో, ఏం భయపడిందో ఆ మొత్తానికి తెలియలేదు. అది ఇంకా 2050 దగ్గరే కూచునుంది. ఆ రాత్రి నా నోటివెంట మాట్లాడింది ఆ పాత లెక్కే.

అది బుజ్జికి చెప్పలేదు. "మళ్ళీ రాయి, చూద్దాం" అన్నాను. రాసింది. 2170 వచ్చింది. ఇద్దరం ఎస్సెస్సీ రిజల్ట్స్ చూసినట్టు చూశాం.

వూపు వచ్చి, పరీక్షలో తను పోగొట్టుకున్న ఇంకో ప్రశ్న తీసింది. రెండు పేర్లలోని విలువల్ని ఒకదానితో ఒకటి మార్చాలి. మొదటిదాంట్లో రెండోది పెట్టి, రెండోదాంట్లో మొదటిది పెట్టేసిందట. ఏమౌతుంది? మొదటిదాంట్లో వున్నది అప్పటికే పోయింది గనక రెండింటిలోనూ ఒకటే మిగిలింది.

అంతవరకూ చింతపండుతో కుస్తీ పడుతున్న అత్తయ్య తలెత్తారు. ఆవిడ ముందు రెండు జాడీలున్నాయి. పెద్దదాంట్లో అడుగంటిన పాత చింతపండు, చిన్నదాంట్లో కుక్కికుక్కి పెట్టిన కొత్తది.

"దీనికి చదువులెందుకే? నేనిప్పుడు దీంట్లోది దాంట్లోకీ, దాంట్లోది దీంట్లోకీ మార్చాలి. ఎలా మారుస్తాననుకున్నావు? మూడో గిన్నె వుండద్దూ?"

బుజ్జి వెళ్ళి నానమ్మని కౌగిలించుకుంది. పుస్తకంలో దానికి టెంపరరీ వేరియబుల్ అని పేరట. పైథాన్‌లో ఒకే వాక్యంలో మార్చేసే అడ్డదారి కూడా వుందిట గాని, పరీక్షలో మూడో గిన్నె చూపించమన్నారట. ముందు పాతదాన్ని ఒక గిన్నెలోకి జాగ్రత్తగా తీసిపెట్టుకుంటే కొత్తదానికి చోటిచ్చినా బెంగలేదు. మా అత్తగారికి ఇది అరవై ఏళ్ళుగా తెలుసు.

బుజ్జి పడుకున్నాక నేనింకో సంగతి చదివాను. 1843లో, కంప్యూటరన్నది ఇంకా పుట్టనే లేదు, అడా లవ్‌లేస్ అనే ఇంగ్లీషు ఆవిడ చార్లెస్ బాబేజ్ వూహించిన గణన యంత్రం గురించిన ఫ్రెంచి వ్యాసాన్ని అనువదించింది. అనువాదం కంటే ఆవిడ జోడించిన వివరణలే ఎక్కువయ్యాయి. అప్పటికి ఆవిడకి ఇరవయ్యేడేళ్ళు, ముగ్గురు పిల్లలు. కవి బైరన్ కూతురు. తండ్రి కవిత్వం ఎక్కడ అంటుకుంటుందోనని తల్లి పట్టుబట్టి లెక్కలు చెప్పించిందట. తల్లులం ఎప్పుడూ ఇంతే! ఆ యంత్రంలో లెక్కలు చేసే చోటికి మిల్లు అనీ, అంకెలు దాచే చోటికి స్టోరు అనీ పేరు. మర ఒకటి, సామాన్ల గది ఒకటి. అంటే మన ఇల్లే కదా. ఆ స్టోరులో ఒక్కో అంకెనీ నిలిపే వరసని వేరియబుల్ అనే అన్నారు. అడా వేసిన పట్టికలో ఆ వేరియబుల్ పేరు పక్కన, పైన చిన్నగా ఒక అంకె వుంటుంది. ఆ పేరు కింద ఇది మొదటి విలువా, మారిన రెండోదా, మూడోదా చెప్పడానికి. పేరు అదే. లోపలిది మారింది సుమా అని ఆ చిన్న అంకె గుర్తుచేస్తుంది. ఆ యంత్రం పూర్తికానే లేదు గాని, ఆ చిన్న అంకె మాత్రం నన్ను చాలాసేపు నిద్రపోనివ్వలేదు.

‘బుజ్జి’ అని మేం పిలవడం మొదలుపెట్టి పద్ధెనిమిదేళ్ళయింది. పేరు అదే. నూటికి నూరు తెచ్చుకున్న బుజ్జి నాకు ముద్దే. ఆ పిల్లని మూడో గిన్నెలో భద్రంగా దాచుకున్నాను. ఎవరికీ ఇవ్వను. కానీ ఇప్పుడు ఆ పేరుకి పలుకుతున్నది ఇంకో అమ్మాయి. ఒక సబ్జెక్టు తప్పింది. తప్పానని వచ్చి చెప్పింది. తెలియనిదాన్ని తల్లికి చెబుతూ తను నేర్చుకుంది. కూడిక మళ్ళీ వేసుకున్నాను. ఏమొచ్చిందో మీకు చెప్పను గాని, తగ్గలేదు.

హాస్టలుకి వెళ్ళే ముందురోజు బుజ్జి వంటింట్లో దూరి, డబ్బాలన్నిటికీ తెల్ల కాగితాలు అంటించి పేర్లు రాసిపెట్టింది. పంచదారలో పంచదార, మెంతుల్లో మెంతులు. "ఇక నాన్న నిర్భయంగా కాఫీ పెట్టుకోవచ్చు" అంది. దగ్గరకెళ్ళి చూస్తే అన్నీ పెన్సిలుతో రాసివున్నాయి.

"పెన్నుతో రాయకపోయావుటే?"

"నానమ్మ వారం తిరక్కుండా మార్చేస్తుందిగా అమ్మా. చెరిపి రాసుకో."

సప్లిమెంటరీ పరీక్ష రాసింది. ఫలితం ఇంకా రాలేదు. నిన్న ఫోన్ చేసి, "ఏం చేస్తున్నావమ్మా?" అంది.

"‘పంచదార’ చెరిపి ‘ఇడ్లీ రవ్వ’ అని రాస్తున్నాను" అన్నాను.